హ్యాకైన మెయిల్ చేతికి వచ్చేదాకా క్లయింట్లకు చెప్పకుండా ఉండవచ్చా?

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. ఆయన వయసు యాభై రెండేళ్లు. కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, బట్టల షాపులు, రెండు రైసు మిల్లులు కలుపుకొని అరవై మంది దాకా చిన్న వ్యాపారులకు ఖాతాలు రాసి, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తుంటారు. చార్టర్డ్ అకౌంటెంటు కాకపోయినా ఊళ్లో అందరూ ఆయనను ఆడిటర్ గారనే పిలుస్తారు. పదిహేనేళ్లుగా పనంతా ఒకే జీమెయిల్ ఖాతా మీద నడుస్తోంది. పార్టీల (క్లయింట్ల) పాన్, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్నుల పోర్టళ్ల యూజర్ నేములూ పాస్‌వర్డులూ రాసుకున్న ఎక్సెల్ షీటు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఒక సాయంత్రం పన్నుల శాఖ నోటీసులా కనిపించిన మెయిల్ వస్తే, దానికి జతచేసిన ఫైలును ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచారు. ఏమీ కనిపించకపోవడంతో మూసేశారు. మర్నాడు పొద్దున ఫోన్‌లో జీమెయిల్ మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది, ఇస్తే తప్పని చూపించింది. పాస్‌వర్డ్ మరిచిపోయాను అన్న చోట నొక్కితే, కోడ్ పంపుతామంటూ చూపించిన నంబరు చివరి రెండంకెలు ఆయన నంబరువి కావు. ఆ రోజంతా పదేపదే ప్రయత్నించినా, ఈ ఖాతా మీదేనని ధ్రువీకరించలేకపోతున్నాం అన్న సమాధానమే వచ్చింది. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి పద్దెనిమిది వేలకు ఖాతా తెచ్చిపెడతానన్నాడు. రిజిస్ట్రేషన్ కింద ముందుగా రెండు వేలు అడిగితే పంపారు. ఫోన్‌లో తెర పంచుకునే యాప్ ఒకటి వేసుకోమన్నాడు, అది మాత్రం ఇంకా వేసుకోలేదు.

మూడో రోజున ఒక మిల్లు యజమాని ఫోన్ చేసి, అడ్వాన్స్ టాక్సు డబ్బు కొత్త అకౌంటుకు పంపమని మెయిల్ పెట్టారేమిటని అడిగారు. అది పొరపాటున వెళ్లింది, పట్టించుకోకండని ఈయన సర్దిచెప్పారు. ఇంకా ఎందరికి వెళ్లిందో తెలియదు. నాలుగేళ్లు తన దగ్గర పనిచేసి, రెండు నెలల క్రితం జీతం దగ్గర మాటామాటా వచ్చి మానేసిన కుర్రాడికి ఆ పాస్‌వర్డ్ తెలుసు, అతను వెళ్లాక దాన్ని మార్చలేదు. ఖాతా పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ మెయిల్‌గా బెంగళూరులో ఉంటున్న అమ్మాయి చిరునామా ఇచ్చినట్టు గుర్తు. అమ్మాయికి ఇప్పుడు నెలలు నిండాయి, కంగారు పడుతుందని ఆమెకు చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు. "ఖాతా తిరిగి వస్తుందా? మిగిలిన పదహారు వేలు కట్టమంటారా? కుర్రాడి పేరు పోలీసు ఫిర్యాదులో రాయవచ్చా? ఖాతా చేతికి వచ్చేస్తే పార్టీలకు అసలు చెప్పనవసరం లేదు కదా? పాతికేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు ఇది" అని ముగించారు.

మీ ఉత్తరంలోని తేదీలను బట్టి, రికవరీ నంబరు మారి అప్పటికి నాలుగు రోజులే అయింది. గడువుతో ముడిపడిన విషయాలు అచ్చయ్యేదాకా ఆగలేవు కనుక వాటి గురించి మీకు అదే రోజు విడిగా రాశాను. మీరు నిదానంగా మళ్లీ చదువుకోవడానికీ, ఇదే చిక్కులో ఉన్న ఇతరులకు ఉపయోగపడడానికీ ఆ మాటలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాలుగు ప్రశ్నల్లో మీరు చివరన పెట్టిన దాన్నే ముందుగా తీసుకుంటాను. ముందు ఖాతా రావాలి, వచ్చాక అవసరమైతే పార్టీలకు చెప్పవచ్చు అన్న వరుసలో మీరు ఆలోచిస్తున్నారు. ఖాతా ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో లేదో మీ చేతుల్లో లేదు. ఈలోగా మీ పేరుతో, మీ చిరునామా నుంచి, మీ పాత మెయిళ్లు చదివి మీ మాట తీరు పట్టుకున్న ఎవరో ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. మిల్లు యజమాని జాగ్రత్తపరుడు కనుక మీకు ఫోన్ చేశారు. ఫోన్ చేయకుండా డబ్బు పంపేసిన వారు ఎవరైనా ఉంటే, తాము పన్ను కట్టేశామనే నమ్మకంతో ఉంటారు. మోసపోయామని తెలియని మనిషి ఫిర్యాదు చేయడు కదా!

సైబర్ మోసాల కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న 1930 నంబరుకు ఫోన్ చేస్తే, పోయిన డబ్బు ఏ ఖాతాలో పడిందో చూసి, అక్కడి నుంచి మరో ఖాతాకు దాటకముందే నిలిపివేసేందుకు బ్యాంకులకు సమాచారం వెళుతుంది. అది మొదటి గంటల్లో బాగా పనిచేస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. కనుక మీ మౌనం వల్ల కలిగే నష్టం మీ పేరుకు సంబంధించింది మాత్రమే అనుకోవద్దు. మీ పార్టీల డబ్బు వెనక్కి వచ్చే అవకాశం ఈ మౌనంతో పాటే కరిగిపోతోంది.

ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. ఎవరికీ చెప్పకుండా ఉండడం ఒకటి. దానివల్ల ఈ వారం ప్రశాంతంగా గడవవచ్చు గానీ, ఎవరి డబ్బైనా పోయిందని తరువాత తేలితే, మీకు ముందే తెలిసి కూడా చెప్పలేదన్న విషయం బయటపడక తప్పదు, ఎందుకంటే మిల్లు యజమాని మీకు ఫోన్ చేసిన తేదీ ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. మెయిల్ అందిందని తెలిసిన వారికి మాత్రమే చెప్పడం రెండో దారి. ఎవరికి అందిందో మీకు తెలియదు, తెలుసుకోవాలంటే అందరినీ అడగాలి, అడిగితే చెప్పినట్టే కనుక ఈ దారి ఎక్కడికీ వెళ్లదు. అరవై మందికీ ఒకే రోజున చెప్పడం మూడోది. ఇందులో కొందరు నొచ్చుకుంటారు, ఒకరిద్దరు తమ ఫైళ్లు తీసుకుని మరొకరి దగ్గరకు వెళ్లవచ్చు కూడా. అది నిజమైన నష్టమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. అయినా నా ఉద్దేశంలో మీరు తట్టుకోగలిగిన నష్టం ఈ మూడింటిలో ఇదే. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఇతరుల సమాచారం దాచుకున్నవారి దగ్గర నుంచి అది బయటికి పోతే ఆ మనుషులకు తెలియజేయాలనే చెబుతోంది. మన దేశంలో అది దశలవారీగా అమల్లోకి వస్తోంది కాబట్టి, ఈ అలవాటు మీ వృత్తిలో అందరికీ ఎలాగూ తప్పదు.

చెప్పేటప్పుడు వాట్సాప్ సందేశంతో సరిపెట్టకుండా, ముందుగా మిల్లు యజమానికి మీరే ఫోన్ చేసి, ఆ రోజు పొరపాటు అన్నది సరైన సమాధానం కాదని, మెయిల్ మీ చేయి దాటిపోయిందని చెప్పండి. ఆయన దగ్గర ఉన్న ఆ మెయిల్‌ను తొలగించవద్దని కోరండి. అందులోని బ్యాంకు ఖాతా నంబరు ఇప్పుడు మీకున్న గట్టి ఆధారం. ఆ తరువాత మిగిలిన వారికి పంపే సందేశం ఇలా ఉండవచ్చు: "నా పాత మెయిల్ చిరునామా ఫలానా తేదీ నుంచి నా అధీనంలో లేదు. ఆ చిరునామా నుంచి డబ్బు గురించి గానీ, ఓటీపీ గురించి గానీ ఏ మెయిల్ వచ్చినా నేను రాసింది కాదు. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి, ఆ తరువాత నాకు చేయండి. మీ పాస్‌వర్డులు మార్చడానికి ఒక్కొక్కరినీ నేనే కలుస్తాను." ఇంతకు మించి సంజాయిషీ అక్కరలేదు.

ఇందులోనే మరొక మాట. పన్ను ఎప్పుడూ చలాను ద్వారా ప్రభుత్వ ఖాతాకే వెళుతుంది. జీఎస్టీ అయితే ఆ పోర్టల్‌లో, ఆదాయపు పన్ను అయితే ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోని ఈ-పే టాక్స్ ద్వారా కడతారు. కానీ చిన్న ఊళ్లలో చాలామంది వ్యాపారులు పన్ను డబ్బును తమ ఆడిటర్ చేతికో, ఆయన ఖాతాకో పంపి, చలాను ఆయననే కట్టమంటారు. మీ దగ్గరా ఈ పద్ధతి ఉండే ఉంటుందనుకుంటాను, లేకపోతే డబ్బు కొత్త అకౌంటుకు పంపండి అన్న మాట నమ్మేలా ఉండేది కాదు. ఈ పద్ధతిని ఇకపై ఆపివేస్తున్నానని, చలాను తయారుచేసి ఇస్తాను గానీ డబ్బు మీరే కట్టుకోండని ఈ సందర్భంలోనే చెప్పేయడం మంచిది.

ఇక ఖాతా సంగతి. మీరు విషయం చెప్పకుండా దాచిన మీ అమ్మాయి దగ్గరే తాళం ఉంది. రికవరీ నంబరు గానీ, రికవరీ మెయిల్ గానీ ఎవరైనా మార్చినప్పుడు, మార్పుకు ముందు నమోదై ఉన్నవాటితో మరో 7 రోజుల వరకు ఖాతాను వెనక్కి తెచ్చుకునే అవకాశాన్ని గూగుల్ ఇస్తోంది. కనుక దొంగ తన నంబరు పెట్టుకున్నంత మాత్రాన మీ అమ్మాయి చిరునామా ఆ వెంటనే పనికిరాకుండా పోదు. పైగా ఇలాంటి మార్పులు జరిగినప్పుడు రికవరీ చిరునామాకు భద్రతా హెచ్చరిక వెళుతుంది. మీ అమ్మాయి ఇన్‌బాక్స్‌లోనో, స్పామ్‌లోనో అది చదవకుండా పడి ఉండవచ్చు. ఆమెను కంగారు పెట్టకూడదన్న మీ ఆలోచన సబబే. అయితే అల్లుడికి ముందుగా ఫోన్ చేసి విషయం చెప్పి, ఆయన పక్కన కూర్చుని మెయిల్ తెరిపించే ఏర్పాటు చేయవచ్చు. ఆమెకు చెప్పకుండా ఉంటే ఈ వారం గడిచిపోతుంది, ఆ తరువాత పాత చిరునామాతో కోడ్ తెప్పించుకునే వీలు ఉండకపోవచ్చు. తండ్రి సహాయం అడిగాడని తెలిసి బాధపడే కూతురు కంటే, తన దగ్గర పరిష్కారం ఉండీ తనను అడగలేదని తరువాత తెలిసి బాధపడే కూతురే ఎక్కువ కష్టపడుతుందని నా అభిప్రాయం.

ప్రయత్నం ఎక్కడి నుంచి చేస్తున్నారన్నది కూడా గూగుల్ చూస్తుంది. ఇంతకుముందు ఆ ఖాతా తెరిచిన ఫోన్ లేదా కంప్యూటరు, అదే బ్రౌజరు, అదే ఇల్లు లేదా ఆఫీసు ఇంటర్నెట్ అయితే నమ్మకం పెరుగుతుంది. మీకు మామూలుగా అలవాటైన పరికరాలు రెండు. వాటిలో ఆఫీసు కంప్యూటరు మీద నాకు గట్టి అనుమానం ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. ఫోన్ తీసుకుని, మీరు రోజూ వాడే వైఫై మీద, గూగుల్ ఖాతా పునరుద్ధరణ పేజీ తెరవండి. వెతుకులాటలో కనిపించే ప్రకటనల లింకుల ద్వారా వెళ్లకుండా, అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ అన్న చిరునామాను మీరే టైపు చేసి, అక్కడి నుంచి లోపలికి వెళ్లండి. కొత్త నంబరుకు కోడ్ పంపుతామని చూపిస్తే, మరో మార్గం ప్రయత్నించండి అన్న దాని మీద నొక్కుతూ అమ్మాయి చిరునామా వచ్చేదాకా వెళ్లండి. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగితే ఖాళీగా వదిలేయకుండా, పూర్తిగా ఖాయం కాకపోయినా దగ్గరగా అనిపించింది ఇవ్వండి.

ఒకే రోజు పదేపదే ప్రయత్నించడం వల్ల వేగం పెరగదు, ఎక్కువ ప్రయత్నాలు జరిగితే కొంతకాలం ఆగమని చెప్పేస్తుంది. ఒకసారి సరిగా చేసి, తెర మీద కనిపించిన దాన్ని ఫొటో తీసుకుని, ఆగండి. కొన్ని సందర్భాల్లో జవాబు రావడానికి గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు కూడా పడుతుంది. ఆ ఆలస్యం అసలు యజమానికి కూడా మంచిదే. దొంగ కూడా ఇదే దారిలో రావాలని చూస్తుంటాడు, మధ్యలో వెళ్లే హెచ్చరికలు అసలు మనిషికి చేరేందుకు సమయం దొరుకుతుంది.

మీకు పద్దెనిమిది వేలు చెప్పిన వ్యక్తికి ఇంకొక్క రూపాయి కూడా పంపకండి. డబ్బు తీసుకుని ఖాతా వెనక్కి ఇప్పించే సంస్థ దేనితోనూ తమకు సంబంధం లేదని గూగుల్ తన సహాయ పేజీల్లోనే స్పష్టంగా రాసింది. ఉచిత జీమెయిల్ ఖాతాలకు ఫోన్ చేసి మాట్లాడి తెచ్చుకునే కస్టమర్ కేర్ అన్నది లేదు. అతను వేసుకోమన్న యాప్ వేసుకుని ఉంటే, మీ ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ, యూపీఐ తెరా అతని కళ్ల ముందు ఉండేవి. మీరు వేసుకోలేదు, ఆ ఒక్క సంశయం మిమ్మల్ని పెద్ద నష్టం నుంచి కాపాడింది. పంపిన రెండు వేల గురించి కూడా 1930కి ఫిర్యాదు చేయండి. మొత్తం చిన్నదని వదిలేయవద్దు, అతని నంబరూ, యూపీఐ ఐడీ పోలీసుల దగ్గరకు చేరడం మీ తరువాత ఫోన్ చేయబోయే వారికి అవసరం. డబ్బు వెనక్కి ఇస్తానంటూ అతనే మళ్లీ ఫోన్ చేసి ఏదైనా లింకు పంపితే తెరవకండి.

కుర్రాడి విషయంలో నేను ఎక్కువగా జాగ్రత్త కోరుతున్నాను. అతనికి పాస్‌వర్డ్ తెలుసు, మీ మీద కోపం ఉంది, రెండూ నిజమే. కానీ మీరు రాసిన వరుసలోనే మరొక వాస్తవం ఉంది: ముందు రోజు సాయంత్రం ఫైలు తెరిచారు, మర్నాడు పొద్దునకే ఖాతా పోయింది. నోటీసు పేరుతో వచ్చే ఇలాంటి ఫైళ్లలో బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులనూ, ఖాతా తెరిచి ఉందని గుర్తుపెట్టుకునే కుకీలనూ దొంగిలించి పంపే ప్రోగ్రాములు ఉంటాయి. ఆ కుకీలు చేతికి చిక్కితే పాస్‌వర్డ్ తెలియకపోయినా, కొన్నిసార్లు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడగడం) ఉన్నా, లోపలికి వెళ్లగలుగుతారు. రెండు నెలలు ఊరుకున్న కుర్రాడు సరిగ్గా ఆ రాత్రే పూనుకున్నాడనడం కంటే, ఆ ఫైలే కారణమనడం నాకు ఎక్కువ సహేతుకంగా కనిపిస్తోంది. రెండోది రుజువైందని నేను అనడం లేదు. రుజువు దొరికే చోటు వేరే ఉంది, పోలీసులు చట్టప్రకారం అడిగితే ఖాతాలోకి ఎప్పుడు, ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి ప్రవేశించారో గూగుల్ దగ్గర నుంచి తెప్పించుకోగలరు.

ఫిర్యాదులో అతన్ని నిందితుడిగా రాస్తే, చిన్న ఊళ్లో ఆ మాట సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుంది. అతను నిర్దోషి అని తేలాక కూడా మరొక దుకాణంలో ఖాతాలు రాసే పని దొరకడం కష్టం అవుతుంది. పేరే రాయకుండా దాచడమూ సరికాదు, దర్యాప్తు అధికారి అడగగానే చెప్పవలసిన సమాచారం అది. మధ్యలో ఉన్న దారి, జరిగినవి మాత్రమే తేదీలతో రాయడం: ఫైలు తెరిచిన సమయం, ఖాతా పోయిన సమయం, పార్టీకి అందిన మెయిల్, అందులోని ఖాతా నంబరు, పాస్‌వర్డ్ తెలిసినవారు మీరూ, ఫలానా నెల వరకు మీ దగ్గర పనిచేసిన సహాయకుడూ అన్న ఒక వాక్యం. అనుమానం అన్న పదం మీరు వాడనవసరం లేదు, దాన్ని తేల్చవలసినవారు వేరే ఉన్నారు. అతనితో మీరే మాట్లాడాలనిపిస్తే ఫిర్యాదు ఇచ్చిన తరువాత మాట్లాడండి. ఒకవేళ అతనే చేసి ఉంటే ఆధారాలు అప్పటికే నమోదై ఉంటాయి. చేయకపోతే, నాలుగేళ్లు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కనుక, ఏ పోర్టల్‌కు ఏ మెయిల్ ఇచ్చారు, ఫోన్ లేనప్పుడు ఖాతా తెరవడానికి గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు ఎప్పుడైనా ప్రింటు తీశారా అన్నవి మీకంటే బాగా చెప్పగలడు.

ఫిర్యాదును జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా ఇచ్చి, దాని నకలుతో మీ పోలీసు స్టేషనుకు వెళ్లండి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66, 66సీ, 66డీ సెక్షన్లు ఇలాంటి చొరబాటుకూ, ఇతరుల పాస్‌వర్డులను దొంగతనంగా వాడుకోవడానికీ, మరొకరిలా నటించి మోసగించడానికీ వర్తిస్తాయి. వీటికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఫిర్యాదు వల్ల దొంగ దొరుకుతాడన్న హామీ నేను ఇవ్వలేను. అయితే రేపు ఏ పార్టీ పాన్‌తోనైనా దొంగ రిజిస్ట్రేషన్ బయటపడితే, ఫలానా తేదీనే పోలీసులకు తెలియజేశామని ఆ వ్యాపారికీ, మీకూ చూపించుకోవడానికి ఆ కాగితం అవసరం అవుతుంది.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది ఆ ఎక్సెల్ షీటు. ఖాతా రేపే తిరిగి వచ్చినా, షీటు ఇప్పటికే కాపీ అయి ఉంటుందనే అనుకుని నడవాలి. జీఎస్టీ పోర్టల్‌లో చాలామంది చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్లకు వాళ్ల మెయిల్ బదులు ఆడిటర్ మెయిలే ఇచ్చి ఉంటారు. ఓటీపీలు ఆ మెయిల్‌కూ వస్తాయి, అంటే ఇప్పుడు దొంగకు వస్తున్నాయి. ఎవరి రిజిస్ట్రేషన్లలో మీ పాత చిరునామా ఉందో ఒక జాబితా రాసుకుని, వాళ్లతో మొదలుపెట్టండి. పోర్టల్‌లోకి ఇంకా వెళ్లగలిగితే, నాన్-కోర్ సవరణ (రిజిస్ట్రేషన్‌లోని చిన్న వివరాల మార్పు) ద్వారా అధీకృత వ్యక్తి మెయిల్, ఫోన్ నంబరు మార్చవచ్చు, ఈసారి వ్యాపారి సొంతవే ఇవ్వండి. పాస్‌వర్డ్ అప్పటికే మారిపోయి ఉంటే, ఆ వ్యాపారి తన గుర్తింపు పత్రాలతో తన పరిధిలోని పన్నుల అధికారి దగ్గరకు వెళితే, అధికారి ద్వారా మెయిల్, ఫోన్ మార్పించుకునే వీలుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, ఆపైన ఈ-ఫైలింగ్ వాల్ట్ అన్న అమరికలో నెట్ బ్యాంకింగ్ లేదా ఆధార్ ఓటీపీతో తప్ప లోపలికి రాకుండా చేసుకోవచ్చు. రీఫండు రావలసిన వారివి ముందు చూడండి, రీఫండు పడే బ్యాంకు ఖాతా మారిందేమో అక్కడే తెలుస్తుంది.

పాన్, ఆధార్ నకళ్లు బయటికి పోయినందుకు ప్రతి వ్యాపారీ కొన్ని నెలల పాటు రెండు చోట్ల గమనించాలి. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ ద్వారా వెతికితే, ఆ పాన్ మీద దేశంలో ఎక్కడెక్కడ రిజిస్ట్రేషన్లు ఉన్నాయో కనిపిస్తుంది, తెలియని రాష్ట్రంలో కొత్తది కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయాలి. తమ పేరున తెలియని అప్పు ఏదైనా నమోదైందా అన్నది క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది, ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు ఉంది. అరవై మందికి ఇవన్నీ చూసిపెట్టడం మీకు పెద్ద పని, దానికి ఫీజు అడగలేరు కూడా. అయినా మీ పేరును నిలబెట్టేది ఈ పనే అవుతుందని నాకు అనిపిస్తోంది.

ఆఫీసు కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి తప్పించి ఉంచండి. యాంటీవైరస్‌తో వెతికించి వాడుకోవడం తేలికైన దారి, కానీ ఏదైనా మిగిలిపోతే కొత్త పాస్‌వర్డులు కూడా అదే దారిన పోతాయి. విండోస్‌ను మళ్లీ కొత్తగా వేయించడం ఖాయమైన దారి, అయితే దానివల్ల పోలీసులకు పనికొచ్చే ఆధారాలు చెరిగిపోతాయి. మీ పరిస్థితిలో పాత డిస్కును తీయించి భద్రపరిచి, కొత్త డిస్కు మీద విండోస్ వేయించుకోవడం రెండు అవసరాలనూ తీరుస్తుంది. ఖాతాలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటాను మాత్రం తెలిసిన మెకానిక్ చేత విడిగా కాపీ చేయించుకోండి.

ఖాతా తిరిగి వస్తే పాస్‌వర్డ్ మార్చి ఊరుకోవద్దు, అది కూడా శుభ్రమైన పరికరం నుంచే మార్చండి. దొంగలు బయటికి వెళ్లేముందు కిటికీ తెరిచి పెట్టుకుంటారు. జీమెయిల్ సెట్టింగుల్లో మెయిళ్లు వేరే చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయా, కొన్ని మాటలున్న మెయిళ్లను నేరుగా ట్రాష్‌లోకి పంపే ఫిల్టర్లు ఉన్నాయా, ఖాతాను చూసే అనుమతి మరొకరికి ఇచ్చి ఉందా, జవాబులు వెళ్లే చిరునామా మారిందా అన్నవి చూడాలి. ఈ నాలుగూ కంప్యూటర్ బ్రౌజరులోనే పూర్తిగా కనిపిస్తాయి, ఫోన్ యాప్‌లో కనిపించకపోవచ్చు. గూగుల్ ఖాతా భద్రతా పేజీలో మీకు తెలియని పరికరాలనూ, యాప్‌ల అనుమతులనూ తొలగించండి. తొలగించిన మెయిళ్లు ట్రాష్‌లో 30 రోజులే ఉంటాయి కనుక, ఖాతా రాగానే అక్కడ కూడా చూడండి, దొంగ పంపిన ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు అక్కడ దొరికితే ఎవరెవరికి వెళ్లాయో తేలిపోతుంది. వాటిని చెరిపేయకుండా పోలీసులకు చూపించండి. ఆ తరువాత రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లను కాగితం మీద ముద్రించి బీరువాలో ఉంచుకోండి.

తిరిగి రాకపోయే అవకాశమూ ఉంది, దాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. అందుకే కొత్త చిరునామాను ఖాతా కోసం ఎదురుచూడకుండా ఈరోజే ప్రారంభించమంటున్నాను. మళ్లీ ఉచిత ఖాతానే తెరవవచ్చు, ఖర్చు లేదు, అయితే ఇదే ఇబ్బంది మళ్లీ వస్తే మళ్లీ ఇదే వరుస. మీ సంస్థ పేరుతో సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో మీకే చెందే చిరునామా పేరు) కొని, దాని మీద డబ్బు కట్టి మెయిల్ సేవ తీసుకోవడం మరో దారి. జోహో, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ ఇలాంటివి ఇస్తాయి. అందులో నిర్వాహకుడిగా మీకు వేరే లాగిన్ ఉంటుంది, పని చేసే ఖాతా పోయినా దాని పాస్‌వర్డును మీరే మార్చుకోగలరు, సేవాసంస్థతో నేరుగా మాట్లాడే వీలూ ఉంటుంది, కొత్తగా చేరిన సహాయకుడికి మీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరే ఖాతా ఇచ్చి, మానేసిన రోజున మూసేయవచ్చు. ఇందుకు ఏటా కొంత ఖర్చు ఉంటుంది, డొమైన్ గడువు తేదీ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దాన్ని పునరుద్ధరించడం మరిచిపోతే వేరెవరైనా కొనుక్కుని మీ మెయిళ్లు అందుకోగలరు. అరవై మంది పత్రాలు చూసే వృత్తిలో ఉన్నారు కనుక నేనైతే ఈ రెండోదానికే మొగ్గు చూపుతాను. నిర్వాహక లాగిన్‌కు రికవరీ చిరునామాగా ఈసారి మీ భార్యది ఇచ్చి, అది ఎందుకో ఆమెకు వివరంగా చెప్పండి.